సెల్ స్టార్టరు కొనే ముందు బోరు దగ్గర సిగ్నల్ కొలుచుకోండి

ఇంటి అరుగు మీద కూర్చుని బోరు మోటారు వేసి, ఆపే సెల్ స్టార్టర్లు పల్లెల్లోకి వచ్చి చాలా కాలమైంది. రాత్రిపూట టార్చిలైటు పట్టుకుని, పాముల భయంతో తడి గట్ల మీద నడిచే బాధ తప్పిందని సంతోషించిన రైతులే, కొన్నాళ్లకు "ఈ డబ్బా పనికిరాదు" అని విసుక్కుని పీకేయడం చూస్తున్నాం. ఫోను చేస్తే అందుబాటులో లేదంటుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటుంది. మోటారు వేయమన్న ఫోను అందుతుంది, ఆపమన్నది అందదు. బోరులో నీళ్లు అడుగంటి మోటారు ఒట్టిగా తిరిగితే కాలిపోతుంది. పైకి లాగి, వైండింగు చేయించి, మళ్లీ దించేసరికి చిన్న రైతుకు ఆ పైరు మీద మిగిలేదేమీ ఉండదు.

చాలాచోట్ల తప్పు డబ్బాది కాదు, బోరు దగ్గర సిగ్నల్‌ది. దాన్ని కొనకముందే కొలుచుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

గీతలను నమ్మవద్దు

ఫోను పైన కనిపించే గీతలు ఒక్కో కంపెనీ ఫోనులో ఒక్కో రకంగా ఉంటాయి. ఒకే గట్టు మీద నిలబడి చూసినా ఒక ఫోను మూడు గీతలు, ఇంకొకటి రెండు చూపవచ్చు. అసలు లెక్క అంకెలో ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లోకి వెళ్లి, 'అబౌట్ ఫోన్'లో 'సిమ్ స్టేటస్' తెరిస్తే 'మైనస్ 97 డిబిఎం' అన్నట్లు ఒక అంకె కనిపిస్తుంది. ఇది అప్పు లెక్క లాంటిది. ముందు మైనస్ ఉంది కనుక అంకె ఎంత తక్కువైతే అంత మేలు. మైనస్ 85 మంచిది, మైనస్ 105 చెడ్డది. అంకె 10 పెరిగిందంటే సిగ్నల్ పదో వంతుకు పడిపోయిందని అర్థం. 3 పెరిగినా సగం పోయినట్లే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత రకం స్టార్టర్లలో ఎక్కువ భాగం 2జి మీద పనిచేసేవే. మీ ఫోను మాత్రం 4జి అంకె చూపుతుంటుంది. ఈ రెండింటికీ పోలిక లేదు. అందుకని స్టార్టరులో వేయబోయే సిమ్మునే ఫోనులో వేసి, సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ రకాన్ని 2జికి మార్చి చూడాలి. 2జిలో మైనస్ 85 లోపు ఉంటే నిశ్చింత. 95 దాటితే అనుమానం. 100 దాటితే ఆ స్టార్టరును నమ్ముకోరాదు. 4జి స్టార్టరైతే మైనస్ 100 దాకా ఫరవాలేదు, 110 దాటితే బలహీనం, 115 దాటితే ఇబ్బందే. జియోకు 2జి లేనే లేదు. ఆ సిమ్ము 2జి స్టార్టరులో ఎంతకాలం పెట్టినా పలకదు. ఈ సంగతి అంగట్లో అందరూ చెప్పరు.

ఎక్కడ, ఎప్పుడు కొలవాలి

గట్టు మీద నిలబడి చూస్తే చాలదు. స్టార్టరు డబ్బా బిగించే చోటే ఫోను పెట్టి, అర నిమిషం ఆగి అంకె రాసుకోవాలి. పొద్దున, మధ్యాహ్నం, రాత్రి ఎనిమిది గంటలకు, ఇలా రెండు మూడు రోజులు చూస్తే చాలు. ఇనుప డబ్బాలో ఫోను పెట్టి తలుపు మూస్తే సిగ్నల్ ఎంత పడిపోతుందో తెలియాలంటే, బయటి నుంచి ఆ ఫోనుకు రింగు ఇచ్చి చూడండి. రేకుల షెడ్డు కూడా ఇలాగే అడ్డుపడుతుంది.

పైరు లేనప్పుడు కొలిచిన అంకె పైరు ఎదిగాక ఉండదు. నీటి పసరున్న ఆకు సిగ్నల్‌ను తాగేస్తుంది. చెరకు, మొక్కజొన్న నిలువెత్తు పెరిగాక, చీనీ చెట్లు గుబురెక్కాక మళ్లీ చూడాలి. మైనస్ 92 వేసవి అంకె అయితే దాన్ని 92 అనుకోవద్దు, ఇంకా తగ్గుతుందనే లెక్క వేసుకోండి.

యాంటెనా పెట్టే పద్ధతి

బాగుచేయడానికి ఎక్కువ ఖర్చు పెట్టనక్కరలేదు. ముందుగా యాంటెనాను ఇనుప డబ్బాలోంచి బయటికి తీయాలి. నిలువుగా నిలబెట్టాలి, పడుకోబెట్టరాదు. తరువాత జానెడు పక్కకు జరిపి చూడండి. 900 మెగాహెర్ట్జ్ మీద వచ్చే అల పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. గోడకు, గుట్టకు తగిలి తిరిగొచ్చే అలలు కొన్నిచోట్ల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. అందుకే జానెడు జరిపితేనే అంకె మారుతుంది.

అప్పటికీ చాలకపోతే పది పన్నెండు అడుగుల జి.ఐ. పైపు మీద, పైరుకు పైన ఉండేలా యాంటెనా పెట్టుకోవాలి. అయితే సన్నటి తీగతో మీటరుకు దాదాపు 1 డెసిబెల్ పోతుంది. పది మీటర్ల సన్న తీగ లాగితే ఎత్తువల్ల వచ్చిన లాభమంతా తీగే మింగేస్తుంది. మందపాటి కేబులు, వీలైనంత పొట్టిగా వాడాలి. పైపుకు ఎర్తింగు తప్పనిసరి. మెయిను ఆపి, ఫ్యూజులు తీశాకే డబ్బా ముట్టుకోవాలి. పైన కరెంటు తీగలు పోతుంటే అక్కడ పైపు నిలబెట్టే ఆలోచనే మానుకోండి.

"బూస్టరు పెడితే సరి" అని చెప్పేవాళ్లుంటారు. అనుమతి లేని బూస్టరు పెట్టడం చట్టరీత్యా నేరం. పైగా అది టవరు పనినే చెడగొట్టి ఊరందరి ఫోన్లకూ ఇబ్బంది తెస్తుంది.

సిగ్నల్ మీదే భారం వేయరాదు

ఎంత సరిచేసినా టవరుకు కరెంటు పోయి, బ్యాటరీ అయిపోతే ఫోను అందదు. కాబట్టి నీళ్లు లేనప్పుడు మోటారును తనంతట తానే ఆపే డ్రై రన్ రక్షణ, ఒక ఫేజు పోతే ఆపే ఏర్పాటు స్టార్టరులోనే ఉండాలి. వాటికి సిగ్నల్‌తో పనిలేదు. ఇన్ని నిమిషాల తరువాత ఆగాలని టైమరు పెట్టుకునే వీలుంటే ఇంకా మంచిది. మోటారు ఆగినట్లు తిరుగు మెసేజి వచ్చేదాకా ఆగిందనుకోవద్దు. అన్నట్లు, రీచార్జి గడువు తీరి సిమ్ము ఆగిపోయిందని తెలియక మెకానిక్కును పిలిపించుకున్న వాళ్లూ ఉన్నారు. గడువు తేదీ షెడ్డు గోడ మీద రాసిపెట్టుకోండి.

ఏ కంపెనీ సిమ్ముతో చూసినా అంకె 100 దాటే పొలాలకు కంపెనీవాళ్లే దారి చూపాలి. 198కి ఫోను చేసి ఫిర్యాదు రాయించి, నంబరు అడిగి తీసుకోండి. "సిగ్నల్ లేదు" అని ఊరుకోకుండా, ఏ సర్వే నంబరులో ఏ పూట ఎంత అంకె వచ్చిందో మీ నోటుపుస్తకంలోంచి చదివి చెప్పండి. పక్క రైతుల అంకెలు కూడా కలిపితే ఫిర్యాదుకు బలం వస్తుంది.