గర్భిణిపై హింస.. కడుపులోని బిడ్డకూ ముప్పే

సూరత్‌లోని లింబాయత్, డిండోలి ప్రాంతాల్లో వస్త్ర పరిశ్రమను నమ్ముకుని తెలంగాణ నుంచి వలస వెళ్లిన కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. పుట్టిల్లు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న గర్భిణి ఇంట్లో హింసకు గురైతే, చెప్పుకోవడానికి ఆసుపత్రి తప్ప మరో చోటు ఉండకపోవచ్చు.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం దేశంలో 18-49 ఏళ్ల వివాహిత మహిళల్లో 3.1 శాతం మంది గర్భంతో ఉన్నప్పుడు శారీరక హింసను ఎదుర్కొన్నారు. ఇది నోరు విప్పిన వారి లెక్క మాత్రమే.

పొత్తికడుపుపై బలమైన దెబ్బ తగిలితే మాయ గర్భాశయ గోడ నుంచి ముందే విడిపోవచ్చు. తల్లికి తీవ్ర రక్తస్రావమై, శిశువుకు ప్రాణవాయువు అందకుండా పోతుంది. దెబ్బలే పడనక్కర్లేదు. నిరంతర భయం, తిండీ నిద్రా కరవవడం, వైద్య పరీక్షలకు వెళ్లనివ్వకపోవడం వల్ల కూడా నెలలు నిండకముందే కాన్పు కావడం, బిడ్డ 2.5 కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టడం వంటి ముప్పులు పెరుగుతాయి. ప్రసవం తర్వాత తల్లి కుంగుబాటుకు లోనైతే పాలివ్వడమూ కష్టమవుతుంది.

సాయం అందించే ఏర్పాటున్న చోట హింస గురించీ గర్భిణిని ఏకాంతంలో అడగడంపై దృష్టి పెట్టాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. గుజరాతీ రాని మహిళకు భర్తే దుబాసీ అయితే ఆ ప్రశ్న వృథా.

2005 నాటి గృహహింస చట్టంలోని సెక్షన్ 7 ప్రకారం, బాధితురాలు కోరితే ఆసుపత్రి వైద్యం అందించాల్సిందే. గుజరాత్‌లో 181 ‘అభయం’ హెల్ప్‌లైన్ 24 గంటలూ పనిచేస్తుంది.