మనోవర్తి వస్తే పింఛను పోవలసిందేనా?
వికలాంగ బాలల తల్లులకు రెండు లెక్కల చిక్కు

న్యూఢిల్లీ: భర్తకు దూరమై, వికలాంగుడైన బిడ్డను ఒంటరిగా పోషించుకుంటున్న తల్లికి చట్టం రెండు ఆధారాలను చూపుతున్నది. బిడ్డ తండ్రి నుంచి న్యాయస్థానం ఇప్పించే మనోవర్తి ఒకటి కాగా, ప్రభుత్వం నెలనెలా చెల్లించే వికలాంగుల పింఛను రెండవది. ఈ రెండూ కలిసి ఆ కుటుంబాన్ని ఆదుకోవలసి ఉండగా, ఆచరణలో ఒకదాని లెక్క మరొకదానికి అడ్డు తగిలే అవకాశం ఏర్పడుతున్నది. మనోవర్తిని నిర్ణయించే చట్టంలో పింఛను ప్రస్తావన లేకపోవడం, పింఛనుకు మాత్రం కుటుంబ ఆదాయ పరిమితి ఉండడం ఇందుకు కారణం.

రాజధాని నగరంలోని కరోల్‌బాగ్‌లో ఈ చిక్కు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అజ్మల్‌ఖాన్ రోడ్డు, గఫార్ మార్కెట్, బ్యాంక్ స్ట్రీట్ నగల దుకాణాలతో నిత్యం కిటకిటలాడే ఈ వ్యాపార కేంద్రంలో చిన్న దుకాణదారులు, గుమాస్తాలు, కమీషన్‌పై పనిచేసేవారు అధికం. ఇటువంటి వృత్తులలో రాబడికి జీతపు చీటీ వంటి ఆధారం ఉండడం అరుదు. ఆధారం లేని చోట తండ్రి ఆదాయాన్ని నిరూపించడం తల్లికి కష్టం. ఆమె ఇంటి వద్ద చేసుకునే కుట్టుపని ఆదాయానికీ రశీదులు ఉండవు. అయినా మనోవర్తికైనా, పింఛనుకైనా ఆదాయపు లెక్కే మూలం.

లక్ష రూపాయల గీత

ఢిల్లీ ప్రభుత్వం వికలాంగులకు ఇచ్చే ఆర్థిక సహాయాన్ని 2017లో నెలకు 1,500 రూపాయల నుంచి 2,500 రూపాయలకు పెంచింది. వైకల్యం 40 శాతం లేదా అంతకు మించి ఉండాలని, ఢిల్లీలో కనీసం 5 సంవత్సరాలు నివసించి ఉండాలని, కుటుంబ వార్షికాదాయం లక్ష రూపాయలకు మించరాదని ఆ పథకం నిబంధనలలో నిర్దేశించారు. చిన్న పిల్లలకు సైతం ఈ పథకం వర్తించడం విశేషం.

లక్ష రూపాయల వార్షికాదాయం అంటే నెలకు 8,333 రూపాయలు. ఢిల్లీలో నైపుణ్యం అవసరంలేని పనులు చేసే కార్మికులకు 2025 ఏప్రిల్‌లో నిర్ణయించిన కనీస వేతనం నెలకు 18,456 రూపాయలు. అందులో సగానికైనా ఈ పరిమితి చేరలేదన్నది గమనార్హం. కనీస వేతనం పూర్తిగా అందుకునే తల్లి బిడ్డకు ఈ పింఛను లభించదు. అంతకంటే తక్కువ సంపాదించే నిరుపేద తల్లులకే మనోవర్తి, పింఛనుల మధ్య ఈ పేచీ ఎదురవుతుంది.

ఉదాహరణకు, కుట్టుపనిపై నెలకు 5,000 రూపాయలు సంపాదించే తల్లి వార్షికాదాయం 60,000 రూపాయలు. బిడ్డకు నెలకు 4,000 రూపాయల మనోవర్తి మంజూరైతే ఏడాదికి 48,000 రూపాయలు అవుతుంది. మనోవర్తిని కూడా కుటుంబ ఆదాయంగా పరిగణించే పక్షంలో మొత్తం 1,08,000 రూపాయలకు చేరి, పరిమితి దాటిపోతుంది. అప్పుడు ఏటా 30,000 రూపాయల పింఛను నిలిచిపోతుంది. తండ్రి క్రమం తప్పకుండా చెల్లిస్తే ఆ కుటుంబానికి నికరంగా మిగిలేది 18,000 రూపాయలు మాత్రమే. అతడు ఆరు నెలలు చెల్లించి మానివేస్తే చేతికి వచ్చేది 24,000 రూపాయలు, పోయేది 30,000 రూపాయలు. అంటే కోర్టులో గెలిచిన తల్లి మునుపటికంటే 6,000 రూపాయలు నష్టపోతుంది. కాగితంపై మంజూరైన మొత్తాన్ని కాక, నిజంగా చేతికందిన మొత్తాన్నే లెక్కించినట్లయితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది.

వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 24వ సెక్షన్ సామాజిక భద్రతను ప్రభుత్వాల బాధ్యతగా పేర్కొన్నది. ఇతరులకు వర్తించే అటువంటి పథకాలలో ఇచ్చే మొత్తం కంటే వికలాంగులకు కనీసం 25 శాతం ఎక్కువ ఇవ్వాలని కూడా అదే సెక్షన్ ఆదేశించింది. అయితే పింఛనుకు ఆదాయ పరిమితిని విధించే అధికారాన్ని ప్రభుత్వాలకు అదే సెక్షన్ కల్పించింది.

న్యాయస్థానం చూసేదేమిటి?

పింఛను వైపు పరిస్థితి ఇలా ఉండగా, మనోవర్తి విషయంలో చట్టం కొంత మేలుగానే ఉంది. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మంజూరు చేయగల మనోవర్తి 2001 సవరణకు ముందు నెలకు 500 రూపాయలకు మించరాదన్న నిబంధన ఉండేది. ఆ సవరణతో పరిమితి తొలగిపోయింది. 2024 జూలై 1 నుంచి ఆ సెక్షన్ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్ అమలులోకి వచ్చింది.

మనోవర్తి కేసుల విషయమై సుప్రీంకోర్టు 2020 నవంబరు 4న సమగ్రమైన మార్గదర్శకాలను ప్రకటించింది. జస్టిస్ ఇందూ మల్హోత్రా, మెదక్ జిల్లాకు చెందిన జస్టిస్ ఆర్. సుభాష్‌రెడ్డిలతో కూడిన ధర్మాసనం ఈ తీర్పు వెలువరించింది. ఉభయ పక్షాలు తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో ప్రమాణ పత్రం దాఖలు చేయాలని, దరఖాస్తు చేసిన తేదీ నుంచే మనోవర్తి చెల్లించాలని ధర్మాసనం స్పష్టం చేసింది. నిరంతర సంరక్షణ, పదేపదే ఖర్చు అవసరమయ్యే తీవ్ర వైకల్యం బిడ్డకు ఉన్నప్పుడు, మనోవర్తి నిర్ణయంలో దానిని పరిగణనలోకి తీసుకోవాలని కూడా పేర్కొన్నది. ప్రమాణ పత్రం నమూనాలో వైకల్యం, వైద్య వ్యయం వివరాలకు ప్రత్యేక భాగమే ఉంది.

ఈ తీర్పు ప్రకారం బిడ్డ వైకల్యం మనోవర్తిని పెంచడానికి ఆధారం కాగలదు. ఇదే వైకల్యం కారణంగా ప్రభుత్వం ఇచ్చే పింఛనును చూపి తన వాటా తగ్గించాలని తండ్రి కోరితే ఏమి చేయాలన్నది మాత్రం 144వ సెక్షన్‌లో లేదు. అది న్యాయమూర్తి విచక్షణకు విడిచిపెట్టిన విషయం. చికిత్సకు, ప్రత్యేక శిక్షణకు, ఉపకరణాలకు అయ్యే వ్యయం ముందు 2,500 రూపాయలు స్వల్పమని లెక్కలతో చూపగలిగిన తల్లి వాదనకు బలం చేకూరుతుంది.

పద్దెనిమిదేళ్లు దాటితే

బిడ్డ మైనారిటీ తీరిన తరువాత మరో చిక్కు ఎదురవుతున్నది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ప్రకారం కుమారుడికి మనోవర్తి కోరే హక్కు మైనారిటీతోనే ముగుస్తుంది. తనను తాను పోషించుకోలేని అవివాహిత కుమార్తెకు మాత్రం ఆ చట్టం కింద హక్కు కొనసాగుతుంది. 144వ సెక్షన్ మేరకు మాత్రం, శారీరక లేదా మానసిక వైకల్యం వల్ల తనను తాను పోషించుకోలేని కుమారుడైనా, అవివాహిత కుమార్తె అయినా, మేజరైన తరువాత కూడా మనోవర్తి పొందవచ్చు. ఏ చట్టం కింద దరఖాస్తు చేశారన్నది అందువల్ల కీలకమవుతున్నది.

ఇందిరాగాంధీ జాతీయ వికలాంగుల పింఛను పథకానికి అర్హత పద్దెనిమిదేళ్లకే మొదలవుతుంది. 2009లో ప్రారంభమైన ఈ పథకం కింద కేంద్రం వాటాను 2012లో నెలకు 300 రూపాయలుగా నిర్ణయించారు. దారిద్ర్యరేఖకు దిగువన ఉండి, 80 శాతం వైకల్యం కలిగినవారికే ఇది వర్తిస్తుంది.

రాష్ట్రాల మధ్య వ్యత్యాసం కూడా తక్కువేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 జూలైలో వికలాంగుల పింఛనును 3,000 నుంచి 6,000 రూపాయలకు పెంచింది. తెలంగాణలో 2023లో 3,016 నుంచి 4,016 రూపాయలకు పెంచారు. ఉపాధి కోసం ఢిల్లీ తరలివచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం స్వరాష్ట్రపు పింఛనును వదులుకుని, ఇక్కడ అయిదేళ్ల నివాస నిబంధన తీరేవరకు వేచి ఉండవలసి వస్తుంది. ఆ వ్యవధిలో తండ్రి ఇచ్చే మనోవర్తి ఒక్కటే బిడ్డకు ఆధారం.

తండ్రే వికలాంగుడైతే

చెల్లించవలసిన వ్యక్తికే వైకల్యం ఉన్నప్పుడు సమస్య తలక్రిందులవుతుంది. శరీర దారుఢ్యం గల భర్త కూలిపని చేసి అయినా భార్యాబిడ్డలను పోషించవలసిందేనని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో స్పష్టం చేసింది. కాగా, 75 శాతం వైకల్యం గల ఒక భర్తను ఉద్యోగం వెదుక్కుని మనోవర్తి చెల్లించాలని నిర్బంధించజాలమని కర్ణాటక హైకోర్టు మరో కేసులో అభిప్రాయపడింది. పని ప్రమాదంలో గాయపడిన కార్మికుల నష్టపరిహారాన్ని జప్తు చేయరాదని 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం, ఇ.ఎస్.ఐ. ప్రయోజనాలను జప్తు చేయరాదని 1948 నాటి చట్టం నిర్దేశించాయి. అప్పులవారి నుంచి కార్మికుడిని కాపాడేందుకు ఉద్దేశించిన ఈ రక్షణ, బిడ్డ ఆకలికి కూడా అడ్డుగోడ కావాలా అన్నది ఇక్కడ తలెత్తే ప్రశ్న. ఉద్యోగ విరమణ పింఛను విషయంలో బొంబాయి హైకోర్టు 2019లో దీనికి సమాధానం చెప్పింది. మనోవర్తి కోరే భార్యను అప్పులవారితో సమానంగా చూడరాదని, అందువల్ల జప్తు నుంచి మినహాయింపు ఆమె విషయంలో వర్తించదని తీర్పు ఇచ్చింది.

ఇతర దేశాలలో

ఈ రెండు లెక్కలను ముడిపెట్టే నిబంధనలు కొన్ని దేశాలలో ఇప్పటికే ఉన్నాయి. అమెరికాలో పేద వికలాంగ బాలలకు ఇచ్చే సహాయాన్ని నిర్ణయించేటప్పుడు, దూరంగా ఉన్న తండ్రి లేదా తల్లి పంపే మొత్తంలో మూడవ వంతును ఆదాయంగా లెక్కించరు. తండ్రికి చందా ఆధారిత వైకల్య బీమా ఉండి, దానినుంచి బిడ్డకు నేరుగా భృతి అందుతుంటే, చాలా రాష్ట్రాలలో ఆ మొత్తాన్ని తండ్రి బాకీలో జమ కడతారు. బ్రిటన్‌లో బిడ్డకు అందే మనోవర్తిని తల్లి పొందే యూనివర్సల్ క్రెడిట్ లెక్కలో ఆదాయంగా పరిగణించరు. ప్రభుత్వ భృతిపై జీవించే తండ్రి సైతం వారానికి 7 పౌండ్ల స్థిర మొత్తాన్ని చెల్లించవలసి ఉంటుంది.

దుర్గాబాయి సూచన

ఇటువంటి కుటుంబ వివాదాలకు ప్రత్యేక న్యాయస్థానాలు అవసరమని దేశంలో తొలినాళ్లలోనే సూచించినవారిలో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఒకరు. 1953లో చైనా పర్యటన అనంతరం ఆమె ఈ ప్రతిపాదన చేశారు. ఆమె 1948లో ఢిల్లీలో నెలకొల్పిన ఆంధ్ర విద్యా సంఘం పాఠశాలలలో ఒకటి కరోల్‌బాగ్ పక్కనే ప్రసాద్‌నగర్‌లో ఉంది. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో రూపుదిద్దుకోగా, ఢిల్లీలో తొలి కుటుంబ న్యాయస్థానం ద్వారకలో 2009లో ప్రారంభమైంది.

ప్రస్తుత చట్టాల పరిధిలోనే తల్లులకు కొన్ని మార్గాలు లేకపోలేదు. వైకల్య ధ్రువపత్రాన్ని, నెలవారీ వైద్య, శిక్షణ ఖర్చుల పట్టికను తొలి దరఖాస్తుతోనే జతపరచవచ్చు. మంజూరైన మొత్తంలో తల్లికి ఎంత, బిడ్డకు ఎంత అన్నది ఉత్తర్వులో విడిగా పేర్కొనాలని కోరవచ్చు. బకాయి పడిన మొత్తాన్ని వసూలు చేసే వారంటు కోసం, అది చెల్లించవలసిన తేదీ నుంచి ఏడాది లోపే దరఖాస్తు చేయాలన్న గడువును మరవరాదు.

అయితే లక్ష రూపాయల గీతను తల్లులు చెరపలేరు. వికలాంగ బిడ్డకు అందే మనోవర్తిని పింఛను ఆదాయ లెక్క నుంచి మినహాయిస్తూ నిబంధనలను సవరించడానికి పార్లమెంటు చట్టం అక్కరలేదు. ఆదాయ పరిమితిని నిర్ణయించే అధికారం ప్రభుత్వానిదే కనుక, ప్రభుత్వ ఉత్తర్వు ఒకటి చాలు.