ఆకులు రాలితేనే... ఆ అందం!

కొమ్మకి ఒక్క ఆకు లేదు. చెట్టు నిండా పూలే! ఫిబ్రవరి వచ్చిందంటే చాలు, బెంగళూరు వీధుల్లో టబేబుయా చెట్లు ఇలాగే కనిపిస్తాయి. కొన్ని పసుపు, కొన్ని గులాబీ. ఆఫీసుకు ఆలస్యమవుతున్నా స్కూటర్ ఆపి ఫొటో తీసుకునేవాళ్లెందరో.

ఇదంతా అనుకోకుండా కుదిరిన అందం కాదు. దీని వెనక ఓ జర్మన్ తోటమాలి ఆలోచన ఉంది. ఆయన పేరు గుస్తావ్ హెర్మన్ క్రుంబీగల్. లండన్‌లోని క్యూ గార్డెన్స్‌లో పనిచేసి 1893లో బరోడా వచ్చాడు. మైసూరు మహారాజు పిలుపుతో 1908లో బెంగళూరు లాల్‌బాగ్‌కి చేరాడు. ఆయన లెక్క ఒకటే... ఊళ్లో ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట చెట్లు పూస్తూ ఉండాలి! ఒక వరస పూలు రాలేసరికి ఇంకో వరస విచ్చుకోవాలి. అందుకే అక్కడ టబేబుయా తరవాత ఊదారంగు జకరండా, ఆ వెనకే ఎర్రెర్రని తురాయి. మొదటి రెండూ అమెరికా ఖండాల చెట్లు, తురాయిది మడగాస్కర్. 1980ల్లో అటవీ అధికారి ఎస్.జి.నెగిన్‌హాళ్ ఆధ్వర్యంలో నగరమంతటా సుమారు 15 లక్షల మొక్కలు నాటారు.

ఇంతకీ పూసే ముందు ఆకులెందుకు రాల్చడం? ఆకులుంటే వాటినుంచి నీరు ఆవిరైపోతుంది. ఎండలు ముదిరేలోపే చెట్టు ఆ ఖర్చు తగ్గించుకుంటుంది. పైగా బోసి కొమ్మ మీది పువ్వు తేనెటీగలకీ పిట్టలకీ దూరం నుంచే కనిపిస్తుంది. మన మోదుగ, బూరుగ చేసేదీ అదే. హోలీకి మోదుగపూలు నానబెట్టి రంగు తీసిన ఇళ్లకు ఇది కొత్త సంగతేం కాదు.

ఫొటోల వాళ్లు పట్టించుకోనిది మాత్రం కానుగ. ఉగాదికి లేత చిగుళ్లు తొడిగి, మరమరాలు చల్లినట్టు కింద పూలు రాలుస్తుంది. మిట్టమధ్యాహ్నం జనం చేరేది దాని నీడకే!

చిక్కల్లా ఈ వరస మధ్యలో తెగిపోతుండటమే. రోడ్ల వెడల్పుకీ, ఫ్లైఓవర్లకీ, మెట్రోకీ ఎన్నో పెద్ద మానులు నేలకొరిగాయి. బదులుగా మొక్కలు నాటినా అవి ఆ ఎత్తుకు రావాలంటే ఒక తరం పడుతుంది.

పెరట్లో జాగా ఉన్నవాళ్లు రేలచెట్టు వేసుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో పసుపు గుత్తులు జూకాల్లా వేలాడతాయి. గింజ పైపొర గట్టిది కాబట్టి గరుకు కాగితంతో కాస్త రుద్ది, రాత్రంతా నీళ్లలో నానబెట్టి నాటాలి. పూత కోసం కొన్నేళ్లు ఓపిక పట్టాల్సిందే. తురాయి మీద మోజుంటే ఇంటిగోడకు దూరంగా వేయండి. దాని వేళ్లు పైపైనే పాకుతాయి, పెద్ద గాలొస్తే కొమ్మలు ఫెళ్లున విరుగుతాయి.