సర్వ్ చేసి నెట్‌కు పరుగా? భుజం భద్రం!

ఆదివారం ఉదయం. కాలనీ కోర్టులో డబుల్స్ ఆట. బలమంతా పెట్టి సర్వ్ కొట్టి, నెట్ దగ్గరికి పరుగెత్తి, బంతి కింద పడకముందే వాలీతో పాయింట్ గెలిస్తే ఆ హుషారే వేరు. కానీ సోమవారం చొక్కా తొడుక్కోబోతే చెయ్యి పైకి లేవదు!

'సర్వ్ అండ్ వాలీ' ఆటతో వచ్చే చిక్కే ఇది. ఈ పద్ధతిలో ఆడే ఆస్ట్రేలియా ఆటగాడు పాట్ రాఫ్టర్ 1997, 1998లో వరుసగా యూఎస్ ఓపెన్ గెలిచాడు. 1999లో అదే టోర్నీ తొలి రౌండ్లోనే భుజం నొప్పితో మధ్యలో తప్పుకొన్నాడు. తర్వాత ఆపరేషన్ చేయించుకోవాల్సి వచ్చింది. అంతటివాడికే తప్పనప్పుడు వారానికోసారి ఆడేవారు ఎంత జాగ్రత్తగా ఉండాలి? అలాగని మానేయక్కర్లేదు. ఈ ఆటలో పాయింట్లు తెచ్చే మెలకువలే చాలావరకు ఒంటినీ కాపాడతాయి.

వేగం కన్నా వ్యవధి ముఖ్యం

బేస్‌లైన్ నుంచి నెట్‌కు దూరం 39 అడుగులు. సర్వ్ ఎంత వేగంగా వెళ్తే బంతి అంత త్వరగా తిరిగొస్తుంది. మీరు సగం దారిలో ఉండగానే కాళ్ల దగ్గర పడుతుంది. కాస్త వేగం తగ్గించి, బంతిని బాగా తిప్పి, ప్రత్యర్థి బ్యాక్‌హ్యాండ్ వైపో ఒంటి మీదికో వేస్తే ముందుకు రావటానికి సమయం చిక్కుతుంది. వింబుల్డన్‌ను 1988, 1990లో గెలిచిన స్టెఫాన్ ఎడ్‌బర్గ్ బలం ఇలాంటి కిక్ సర్వే. ప్రతి సర్వ్‌నూ శక్తికొద్దీ బాదకపోతే భుజానికీ ఊరటే.

బలం కాళ్ల నుంచి రావాలి

సర్వ్ మోకాళ్లు వంచటంతో మొదలవుతుంది. నేలను నెట్టిన బలం తుంటి, నడుము మీదుగా భుజానికి చేరుతుంది. కాళ్లను వాడకుండా చేత్తోనే కొడితే భారమంతా భుజం మీదే పడుతుంది. భుజం కీలు చుట్టూ ఉండే నాలుగు కండరాలను 'రొటేటర్ కఫ్' అంటారు. బంతిని కొట్టాక దూసుకెళ్లే చేతికి బ్రేకు వేసేది వీటిలో వెనకవైపువే. మోచేతిని పక్కకు ఆనించి, రబ్బరు బ్యాండును బయటికి లాగే వ్యాయామం వారానికి రెండు మూడుసార్లు చేస్తే ఇవి బలపడతాయి.

ఒక్క చిన్న గెంతు

నెట్ వరకూ ఆగకుండా పరుగెత్తటం చాలామంది చేసే పొరపాటు. ప్రత్యర్థి బంతిని కొట్టబోయే క్షణంలో, ఎక్కడున్నా సరే, చిన్నగా గెంతి రెండు పాదాల ముందు భాగాలపై దిగాలి. దీన్నే 'స్ప్లిట్ స్టెప్' అంటారు. అప్పుడు ఎటైనా కదలొచ్చు. పరుగులో ఉండగానే ఒక్కసారిగా పక్కకు తిరగటం తగ్గుతుంది కాబట్టి మోకాలు మెలిపడే ముప్పూ తగ్గుతుంది.

వాలీకి రాకెట్‌ను వెనక్కి ఊపొద్దు. సుత్తి పట్టుకున్నట్టు పట్టి, మణికట్టు బిగించి, బంతికి ఎదురెళ్లాలి. బంతి కిందికి వస్తే వంచాల్సింది నడుమును కాదు, మోకాళ్లను.

పిక్క జాగ్రత్త

ఉన్నట్టుండి ముందుకు ఉరికినప్పుడు వెనక నుంచి ఎవరో తన్నినట్టు పిక్కలో నొప్పి పుట్టొచ్చు. పిక్క కండరం చిరగటంతో వచ్చే ఈ సమస్యకు పేరే 'టెన్నిస్ లెగ్'. నడివయసువారిలో ఎక్కువ. వెంటనే ఆట ఆపి, కాలు ఎత్తుగా పెట్టి, గుడ్డలో చుట్టిన ఐస్‌తో కాపడం పెట్టాలి. డాక్టర్‌కు చూపించుకోవాలి. ముందే పది నిమిషాలు మెల్లగా పరుగెత్తి, చేతులు తిప్పి, నెమ్మదైన సర్వులతో ఆట మొదలుపెట్టటం మంచిది.

వీటిని తేలిగ్గా తీసుకోవద్దు

* రాత్రి ఆ భుజం వైపు పడుకుంటే నొప్పి, చెయ్యి ఎత్తలేకపోవటం ఉంటే ఎముకల డాక్టర్‌ను కలవాలి.
* కిక్ సర్వ్ సాధన చేసే పిల్లలకు నడుం నొప్పి రెండు వారాలైనా తగ్గకపోతే తప్పక చూపించాలి. వెన్నును పదేపదే వెనక్కి వంచితే ఎదిగే వయసులో వెన్నుపూసలో సన్నటి పగుళ్లు రావొచ్చు.
* ఆటలో ఛాతీలో బరువు, ఆయాసం, దవడ లాగటం అనిపిస్తే తక్షణం ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. బీపీ, షుగర్ ఉన్నవారు ముందే డాక్టర్ సలహా తీసుకోవాలి.

ప్రతి సర్వ్‌కూ నెట్‌కు రావాలనేం లేదు. మొదట మూడింటికి ఒకసారి రండి. ప్రత్యర్థికి మీరెప్పుడు వస్తారో తెలియదు. మీ కాళ్లకూ, భుజానికీ కాస్త విశ్రాంతి దొరుకుతుంది.