గొంతు వినబడని చోట స్వరం

ఈ మాటలు రేడియోలో విన్నవారికి నా గొంతు తోడుంది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది కాగితం. నేను ఎక్కడ నవ్వానో, ఎక్కడ గొంతు తగ్గించానో అచ్చు చెప్పదు. మరి రాతలో మాట్లాడేవారి స్వరాన్ని ఎలా పట్టుకోవాలి?

సిరిసిల్లలో ఒక తల్లి బియ్యం ఒలకబోసిన కొడుకుతో "మంచిగ జేసినవ్ బిడ్డా" అంటుంది. కాగితం మీద అది మెచ్చుకోలే. ఒలికిన బియ్యం చూస్తేగాని ఎత్తిపొడుపని తెలియదు. కోరుట్లలో ఆలస్యంగా పనికి వచ్చిన తమ్ముణ్ణి చూసి అన్న "దొరవారు వచ్చిండ్రా?" అంటే, ఆ మర్యాదే వెటకారం. గొంతు మార్పుతో అర్థం మారడాన్ని మన అలంకారికులు కాకువు అన్నారు. పొగడ్తలా కనబడే నిందకు, నిందలా కనబడే పొగడ్తకు వ్యాజస్తుతి అని పేరు పెట్టారు.

ఇప్పుడు మొదటి రాజులు 22వ అధ్యాయము తీయండి. రామోత్గిలాదు మీదికి యుద్ధానికి పోవాలా వద్దా అని అహాబు అడిగితే, దాదాపు 400 మంది ప్రవక్తలు పొమ్మన్నారు. మీకాయాను పిలిపించారు. 15వ వచనంలో అతడు కూడా పొమ్మన్నాడు, జయం నీదేనన్నాడు. జగిత్యాలలో ఒక ఆరాధనలో నేను ఆ వచనాన్ని గంభీరంగా, దీవెన చెప్పినట్టు చదివాను. తర్వాత ఒక పెద్దమ్మ వచ్చి, "అయ్యగారూ, గీ మీకాయ గూడ అబద్ధమే చెప్పిండా?" అని అడిగింది. నాకు సిగ్గేసింది. తప్పు మీకాయాది కాదు, నా గొంతుది.

గమనించండి. ముందు జరిగినది ఏమిటి? అందరిలాగే నువ్వూ మంచిమాట చెప్పమని దూత దారిలో అతనికి నేర్పాడు. వింటున్నది ఎవరు? ఇతడు నాకు ఎన్నడూ మేలు పలకడని అప్పటికే అన్న రాజు. విన్నాక ఏం జరిగింది? అహాబు సంతోషించలేదు, నిజమే చెప్పమని ఎన్నిసార్లు ఒట్టు పెట్టించాలని కసురుకున్నాడు. వాక్యం మేలే పలికింది, కాని రాజు చెవి మోసపోలేదు. అది వెటకారమా, విసుగా, నేర్పిన మాటను అప్పజెప్పడమా? అక్కడ రాసి లేదు. మనసారా అన్న మాట కాదన్నది మాత్రం రాజు జవాబే చెబుతోంది. వినేవాడి జవాబు అన్నిటికన్నా గట్టి ఆనవాలని నా అభిప్రాయం.

కవిత్వంలో చాలాసార్లు ఆ జవాబు ఉండదు. 1954లో జగిత్యాలలో పుట్టి 1993లో కన్నుమూసిన అలిశెట్టి ప్రభాకర్ కొద్ది పంక్తుల్లోనే కవిత ముగించేవారు. సందర్భం వివరించడానికి చోటెక్కడిది? ఎంచుకున్న మాటే స్వరం. 1981 నాటి ఆయన సంపుటి పేరు 'చురకలు'. ఎలా చదవాలో పేరే చెబుతోంది కదా! సిరిసిల్ల వైపు హనుమాజీపేటలో పుట్టిన సి. నారాయణరెడ్డి 'విశ్వంభర'లో నాయకుడు ఫలానా మనిషి కాదు, మానవుడే. దాన్ని ఒక వ్యక్తి సొంత గోడుగా చదివితే స్వరం తప్పుతుంది. కవితలో 'నేను' అన్నవాడు ప్రతిసారీ కవే అనుకోకండి.

ఈసారి కుటుంబ ప్రార్థనలో ఆ 15వ వచనాన్ని రెండుసార్లు బిగ్గరగా చదవండి. మొదట మామూలుగా, తర్వాత దూత నేర్పిన మాట తలచుకొని. పిల్లలు వెంటనే తేడా పట్టేస్తారు.