కుర్చీ పోయినా కాళ్ళు ఆగకూడదు

సంక్రాంతి వెళ్ళిన మూడో రోజున ఒకావిడ భర్తను వెంటబెట్టుకుని మా ఏరియా ఆసుపత్రికి వచ్చింది. ఆయనకు 48 ఏళ్ళు. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేరు కంపెనీలో డైరెక్టరుగా చేసేవారు. చేతికింద 140 మంది. పండక్కి అత్తగారింటికి వచ్చారు.

"కాస్త తల తిరుగుతోందండీ, అంతే" అన్నారాయన.

"అంతే కాదు డాక్టరుగారూ! ఉద్యోగం పోయి అయిదు నెలలయింది. రాత్రి మూడింటిదాకా పడుకోరు, పొద్దున్న పదిన్నరదాకా లేవరు. మంచం మీదే ల్యాప్‌టాప్, మంచం మీదే భోజనం" అందావిడ.

బి.పి. చూస్తే 170/106. మాత్రలు వేసుకుంటున్నారా అని అడిగాను. ఆయన తల వంచుకున్నారు. రెండు నెలల క్రితమే మానేశారట. ఆవిడకు ఆ సంగతి నా గదిలోనే తెలిసింది.

ఇలాంటివారు ఈ మధ్య నా దగ్గరకు తరచుగానే వస్తున్నారు. పై మెట్టు మీద ఉద్యోగం పోతే మళ్ళీ దొరకడానికి సమయం పడుతుంది. కుర్రవాళ్ళకున్నన్ని ఖాళీలు డైరెక్టర్లకు వుండవు. వున్న ఒక్కదానికీ అయిదారు ఇంటర్వ్యూలు, ఆపైన వారాల తరబడి మౌనం. కనుక ఇది నాలుగు రోజుల జ్వరం కాదు, నెలల వ్యవహారం అనుకుని ఏర్పాటు చేసుకోవాలి. అమెరికాలో హెచ్‌1బి వీసా మీద వున్న మనవాళ్ళకు ఉద్యోగం పోయాక సాధారణంగా 60 రోజుల గడువే వుంటుంది. వాళ్ళ కంగారు వేరు. ఇక్కడివారికి ఆ తొందర లేదు గదా, మరి నిద్రెందుకు పాడుచేసుకోవాలి?

ఆస్ట్రియా దేశంలో, వియన్నాకు దగ్గరగా మారియెన్‌తాల్ అనే ఊరుంది. 1930 ప్రాంతంలో అక్కడి బట్టల మిల్లు మూతపడి దాదాపు ఊరంతా పని లేకుండా అయిపోయింది. మారీ యహోదా అనే ఆవిడ, ఆమె సహచరులు అక్కడికి వెళ్ళి జనం ఎలా బ్రతుకుతున్నారో పరిశీలించి 1933లో పుస్తకం వేశారు. వీధిలో నడిచేవారి వేగాన్ని గడియారం పెట్టి కొలిచారు. ఆడవాళ్ళకు ఇంటిపని ఎలాగూ తప్పదు గనుక వాళ్ళు చురుగ్గానే నడుస్తున్నారు. మగవాళ్ళ నడక మాత్రం మందగించింది, అడుగడుగునా ఆగుతున్నారు. అంతకంటె చిత్రం, చేతినిండా తీరిక వున్నా గ్రంథాలయం నుంచి తీసుకువెళ్ళే పుస్తకాలు రెండేళ్ళలో సగానికి పడిపోయాయి. పొద్దుటినుంచి ఏం చేశావని అడిగితే చాలామంది చెప్పలేకపోయారు.

జీతంతోపాటు రోజుకొక ఆకారం, నలుగురి సాంగత్యం, చెయ్యవలసిన పని, ఒక హోదా అన్నీ ఒక్కసారే పోతాయని యహోదా తరువాత వివరించారు. మిల్లు కార్మికుడికైనా డైరెక్టరుకైనా ఇందులో తేడా లేదు. జీతం మన చేతిలో లేదు. తక్కినవాటిలో కొన్ని ఇంట్లోనే తిరిగి కట్టుకోవచ్చు.

ముందు లేచే వేళ. రాత్రి ఏ దూరదేశం వాళ్ళతోనో ఇంటర్వ్యూ వుండి ఆలస్యమైనా సరే, పొద్దున్న ఆరున్నరకు లేవండి. స్నానం చేసి, బయటికి వెళ్ళే బట్టలు కట్టుకోండి. మంచం నిద్రకే. ఉద్యోగ ప్రయత్నాలకు పొద్దున్న మూడు గంటలు చాలు. రోజంతా ఫోను తెరిచి చూసినంతమాత్రాన ఉత్తరం ముందుగా రాదు.

తరువాత నడక. పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యరకం శ్రమ, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. మాట్లాడగలగాలి కాని పాట పాడలేకపోవాలి, ఆ వేగంతో నడవండి. భోజనమయ్యాక ఓ పావుగంట నడిస్తే షుగరు వున్నవారికి మరీ మంచిది. అరగంటకోసారి కుర్చీ దిగండి. బి.పి. ఎక్కువగా వున్నవారు అది అదుపులోకి వచ్చేదాకా బరువులెత్తకండి.

నడకకు నలుగురు వుండే చోటికే వెళ్ళమంటాను. చాలామంది చుట్టుపక్కలవాళ్ళకు "ఇంటినుంచి పని చేస్తున్నాను" అని అబద్ధం చెప్పి తలుపు వేసుకుంటారు. అమెరికాలో గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1970లలో పరిశీలించి చెప్పిందేమంటే, ఉద్యోగం కబురు ప్రాణస్నేహితులకంటె ఎప్పుడో కలిసే పరిచయస్థుల ద్వారానే ఎక్కువగా అందుతుందని. సిగ్గుపడితే ఆ దారి మూసుకున్నట్టే.

ఇక చదువు. మా రోగి ఆన్‌లైనులో 11 కోర్సులకు డబ్బు కట్టారు. ఒక్కటీ పూర్తి కాలేదు. సినిమా చూసినట్టు పాఠాలు చూస్తే ఏదో నేర్చుకున్నామనే తృప్తి తప్ప తల్లో ఏమీ నిలవదు. ఒక్క విషయం తీసుకోండి. చదివాక పుస్తకం మూసి, గుర్తున్నది కాగితం మీద పెట్టండి. జ్ఞాపకం గట్టిపడేది అలాగే. పదేళ్ళుగా మీటింగులే నడిపినవారు తమ చేత్తో ఒక చిన్న ప్రోగ్రాము తయారుచేసి ఎవరికైనా చూపించాలి. (ఈ ముక్క మా అబ్బాయిని అడిగి రాస్తున్నాను.) దగ్గర్లోని ఇంజనీరింగు కాలేజీకి వెళ్ళి వారానికో గంట పాఠం చెబితే ఇంకా మంచిది. 48 ఏళ్ళకు కొత్త విద్య ఎక్కుతుందా అని ఆయన అడిగారు. వేగం కొంత తగ్గుతుంది నిజమే. పాత అనుభవానికి తగిలించుకుని నేర్చుకునే శక్తి ఎక్కడికీ పోదు. నేను ఎం.బి.బి.యస్. అయ్యాక పోస్టింగు కోసం ఎదురుచూస్తూ 14 నెలలు ఇంట్లో వున్నాను. రోజూ సైకిలు మీద లైబ్రరీకి వెళ్ళడమే నన్ను నిలబెట్టింది. మొదటి మూడు నెలలూ మాత్రం నేనూ గోడకేసి చూస్తూ కూర్చున్నవాణ్ణే.

మనసులో కోపముంటే రాసుకోండి. ఉద్యోగాలు పోయిన నిపుణులు 63 మందిపై జరిపిన ఒక పరిశోధన 1994లో అమెరికాలో వెలువడింది. రోజుకు 20 నిమిషాల చొప్పున 5 రోజులు తమ బాధను కాగితం మీద పెట్టినవారికి ఉద్యోగాలు ముందుగా దొరికాయి. చిన్న పరిశోధనే, కాని పైసా ఖర్చు లేని పని.

ఇంట్లోవాళ్ళు "ఏమైనా వచ్చిందా?" అని పూటపూటా అడక్కండి. అయితే ఆయన తాగుడు పెరిగినా, నిద్ర బొత్తిగా పోయినా, బ్రతికి ఏం లాభమని అన్నా కొట్టిపారెయ్యవద్దు. 14416 టెలిమానస్ నెంబరుకు ఏ వేళనైనా ఫోను చెయ్యవచ్చు. ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ఆలస్యం లేకుండా డాక్టరుకు చూపించండి.

మాత్రలెందుకు మానేశారంటే, కంపెనీ బీమా పోయింది గనుక ఖర్చు తగ్గిద్దామని అన్నారు. నాకు నిజంగా కోపం వచ్చింది. బి.పి., షుగరు మాత్రలు మా ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తాం. గ్రూపు బీమానుంచి అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు నిబంధనల్లో వుంది. ఉద్యోగం వదిలేముందే అడగాలి.

మార్చి నెలాఖరున ఆయన ఫోను చేశారు. ఉద్యోగం ఇంకా రాలేదు. రెండు చోట్ల ఆఖరి ఇంటర్వ్యూదాకా వెళ్ళారట. శనివారాలు కాలేజీలో పాఠం చెబుతున్నారట. బి.పి. 136/86. ఇంట్లో చూసుకోవడానికి ఏ మిషను కొనాలని అడిగారు. మణికట్టుది వద్దు, దండచేతికి కట్టేది కొనమన్నాను.