మీకు తెలుసా? పసికళ్లకూ నీటికాసులు

చారెడేసి కళ్లున్న బిడ్డను చూస్తే ఇంటిల్లిపాదీ మురిసిపోతారు. ఆ కళ్లు నెలనెలకీ ఇంకా పెద్దవవుతుంటే మాత్రం దిష్టి తీయడం ఆపి కంటి డాక్టరుకు చూపించాలి. నీటికాసులు, అదే గ్లాకోమా, ముసలివాళ్ల జబ్బే కాదు, పుట్టుకతోనూ వస్తుంది. కంట్లో ఊరే నీరు బయటికి పోయే దారి సరిగ్గా ఏర్పడకపోతే లోపల ప్రెషర్ పెరుగుతుంది. పెద్దవాళ్ల కన్ను దానికి సాగదు. సుమారు మూడేళ్లలోపు పిల్లల కన్ను ఇంకా మెత్తన, అందుకే సాగిపోతుంది. పుట్టినప్పుడు నల్లగుడ్డు అడ్డుకొలత 10 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. ఏడాది నిండకుండానే 12కు చేరితే అనుమానించాల్సిందే.

ఇంకో గుర్తు: వెలుతురులోకి తీసుకెళ్తే బిడ్డ కళ్లు గట్టిగా మూసుకుని అమ్మ భుజంలో మొహం దాచుకుంటుంది. కళ్లు నీరు కారుతాయి. నల్లగుడ్డు మీద మబ్బు కమ్మినట్టుంటుంది. నీరు ఒక్కటే చూసి, కన్నీటి గొట్టం మూసుకుపోయిందేలే అని నెలలు గడిపేసేవాళ్లున్నారు.

ఈ జబ్బు పాశ్చాత్య దేశాల్లో 10,000 నుంచి 20,000 మంది శిశువుల్లో ఒకరికి వస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3,300 మందిలో ఒకరికి వస్తుందని అంచనా. దీనికి ముఖ్య కారణమైన సీవైపీ1బీ1 అనే జన్యువును 1997లో గుర్తించారు. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఈ జన్యువు లోపమున్న కాపీ ఒక్కొక్కటి ఉంటే, వాళ్లకు ఏ కళ్ల జబ్బూ లేకపోయినా, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మేనరికాల్లో అలాంటి ఇద్దరు కలిసే అవకాశం ఎక్కువ. సంబంధం బయటికి పోకూడదని పట్టుబట్టే పెద్దలకు ఈ లెక్క ఎవరైనా చెబితే బాగుండు.

చికిత్స ప్రధానంగా ఆపరేషనే. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో పసిపిల్లల గ్లాకోమాకు ఆపరేషన్లు చేసిన డాక్టర్ అనిల్ కుమార్ మండల్‌కు 2003లో భట్నాగర్ పురస్కారం వచ్చింది. పెద్దల్లో అరుదైన విశేషం ఒకటి పసివాళ్లలో జరగొచ్చు. సకాలంలో ప్రెషర్ దిగితే, కంటి నరం మొదట్లో పడిన గుంట మళ్లీ కొంత పూడుతుంది. ఆపరేషనయ్యాక కూడా జీవితాంతం చెకప్‌లు తప్పవు.

తాతయ్య గ్లాకోమా చుక్కలే కదా అని బిడ్డకు వేస్తే? వాటిలో బ్రిమోనిడిన్ ఉంటే ప్రాణం మీదికే వస్తుంది. రెండేళ్లలోపు పిల్లల్లో అది మత్తు కమ్మించి ఊపిరినే ఆపగలదు.

బడి వయసు పిల్లల సంగతి వేరు. వాళ్ల కన్ను సాగదు, నొప్పీ ఉండదు, పైకి ఏమీ తెలియదు. వీళ్లలో మన ఊళ్లలో బాగా కనిపించే కారణం మెడికల్ షాపులోనే ఉంది. ఎండాకాలం కళ్ల దురదకు డాక్టరు ఒకసారి రాసిచ్చిన స్టెరాయిడ్ చుక్కలు హాయిగా అనిపిస్తాయి. పాత చీటీ చూపించి ఏళ్ల తరబడి కొంటూనే ఉంటారు. అవి ప్రెషర్ పెంచుతాయి, పిల్లల్లో ఇంకా త్వరగా. దురద తగ్గిందని సంతోషిస్తుండగా చూపు పక్కల నుంచి పోతుంటుంది. సీసా మీద డెక్సామెథాసోన్, బీటామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న పేర్లలో ఏదైనా కనిపిస్తే, ఇంకో సీసా కొనేముందు పిల్లాడి కంటి ప్రెషర్ చూపించండి.